పుర్రచెయ్యి, కత్తెర, ఉంగరం వేలు: బీడీలు చేసే చేతుల కొలతల డైరీ

మా అమ్మ కోరుట్ల దగ్గర ముప్పై రెండేళ్లుగా బీడీలు చేస్తోంది. రెండేళ్ల నుంచి అర్ధరాత్రి చెయ్యి తిమ్మిరెక్కి లేచి కూర్చుని, నీళ్లు దులిపినట్టు చెయ్యి విదిలించుకుంటోంది. నేను హన్మకొండలో ఒక కాలేజీ ల్యాబ్‌లో పని చేస్తాను. సెలవుకు ఇంటికి పోయినప్పుడల్లా అమ్మతో పాటు మా వాడకట్టులో బీడీలు చేసే మరో పదకొండు మంది చేతుల్లో స్పర్శ కొలిచాను. తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే: వాటం చేతి నరమే ముందు దెబ్బతింటుందా?

తొమ్మిది నెలల్లో మొదటి మూడు నెలల కొలతలు పారేయాల్సి వచ్చింది. ఇదే పని చేయాలనుకునేవాళ్లకు ఆ మూడు నెలలు మిగలాలని రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇంట్లో కరెంటు తీగలు పెట్టి నరంలో సంకేతం వేగం కొలవాలని చూడొద్దు. అది ఆసుపత్రిలో తెలిసినవాళ్లు చేయాల్సిన పరీక్ష. ఇక్కడ నేను ముఖ్యంగా వాడినవి దారం, కాంటా, నీళ్లు.

దశ 1: నైలాన్ పోగులు (నవంబర్)

నైలాన్ పోగును చర్మం మీద నిలువుగా ఆనించి నొక్కితే, ఒక బరువు దగ్గర అది విల్లులా వంగుతుంది. వంగాక ఇంకాస్త నొక్కినా చర్మం మీద పడే బరువు పెద్దగా పెరగదు. అందుకే కొలిచేవాడి చెయ్యి కొంచెం అటూ ఇటూ అయినా లెక్క చెడదు. డాక్టర్లు వాడే సెమ్స్-వైన్‌స్టీన్ పోగులు ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి. కుష్ఠు రోగుల చేతుల్లో స్పర్శ చూడడానికి మన దేశంలో ఇవి ఎప్పటినుంచో వాడుకలో ఉన్నాయి.

నేను చేపల గాలం దారంతో చేసుకున్నాను. దారం మందం రెట్టింపైతే వంగే బరువు 16 రెట్లవుతుంది. పొడవు రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి బజార్లో దొరికే మందం తీసుకుని, పొడవు కత్తిరిస్తూ కావాల్సిన బరువుకు తెచ్చుకోవచ్చు.

1. దారాన్ని వేడి నీళ్లలో నానబెట్టి, కింద చిన్న తాళంకప్ప కట్టి రాత్రంతా వేలాడదీయాలి. ఉండ నుంచి వచ్చిన వంపు పోకపోతే పోగు ముందే వంగిపోతుంది.
2. ఐస్‌క్రీం పుల్ల చివర అడ్డంగా అంటించాలి.
3. కాంటా మీద నిలువుగా ఆనించి, వంగిన క్షణంలో అంకె చూడాలి. పది సార్లు చేసి సగటు తీయాలి.
4. బరువు తక్కువగా ఉంటే అర మిల్లీమీటరు చొప్పున కత్తిరించాలి.

నాకు కుదిరిన కొలతలివి. 0.15 మి.మీ. దారం 42 మి.మీ. పొడవులో 0.07 గ్రాములు. 0.20 దారం 32 మి.మీ.లో 0.4 గ్రాములు. 0.30 దారం కూడా 32 మి.మీ.లోనే 2 గ్రాములు. 0.40 దారం 40 మి.మీ.లో 4 గ్రాములు. మీ దారం వేరే రకమైతే పొడవులు మారతాయి, నా అంకెలు చూసి కత్తిరించేయకండి.

0.07 గ్రాముల పోగు తెలిస్తే చేతి స్పర్శ మామూలుగా ఉన్నట్టు. 0.4 దాకా పోతే సన్నని స్పర్శ తగ్గినట్టు. 2 గ్రాములు కావాల్సి వస్తే వేడి, కోత నుంచి చేతిని కాపాడే స్పర్శ కూడా తగ్గిందని లెక్క.

మొదటి తప్పు కాంటా దగ్గరే జరిగింది. బంగారం షాపుల్లో వాడే లాంటి, 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాంటా కొన్నాను. సన్న పోగు ఆనిస్తే సున్నా దగ్గరే ఆగిపోతోంది. రెండు రోజులు పోగును అనుమానించాను. ఇలాంటి కాంటాలు సున్నా దగ్గర మెల్లగా పెరిగే చిన్న బరువును తమ పొరపాటుగా లెక్కగట్టి, మళ్లీ సున్నాకు సర్దేసుకుంటాయట. ముందు ఒక రూపాయి బిళ్ల పెట్టి, సున్నా చేయకుండా, దాని మీద పోగు ఆనిస్తే సరిగ్గా చూపించింది. అయినా 0.07 దగ్గర ఒక్క అంకె తేడా అంటే ఏడో వంతు తప్పు. ఈ పోగుతో వచ్చిన ఫలితాన్ని ఒంటరిగా నమ్మలేదు.

రెండు మొనల పరీక్ష కూడా చేశాను. పేపర్ క్లిప్ రెండు మొనలు వేలి కొసకు ఆనించి, ఒకటిగా తెలుస్తోందా రెండుగానా అని అడగడం. 6 మి.మీ. లోపు దూరంలో రెండుగా తెలిస్తే మామూలే. కానీ నా నొక్కుడు ప్రతిసారీ ఒకేలా లేదు, ఒకే వేలికి పొద్దున 4, సాయంత్రం 7 వచ్చింది. వదిలేశాను.

ఖర్చు: దారాలు 180, కాంటా 550, పుల్లలు, ఫెవిక్విక్ 45. మొత్తం రూ. 775.
కొలిచినవాళ్లు: 3. చేతులు: 6.

దశ 2: చల్లని చేతులు (డిసెంబర్)

వాడకట్టులో ఇంకో ఆరుగురిని కలిపాను. పొద్దున ఏడింటికి, వాళ్లు పనికి కూర్చోకముందే కొలిచాను. అందరికీ రెండు చేతుల్లోనూ స్పర్శ తగ్గినట్టే వచ్చింది. ఎదురింటి వదిన కూతురు డిగ్రీ చదువుతోంది, బీడీ ముట్టదు. ఆమె చేతికీ 0.4 గ్రాముల పోగు కావాల్సి వచ్చింది. అప్పుడర్థమైంది, నేను కొలుస్తున్నది నరాన్ని కాదు, చలిని.

చేతి ఉష్ణోగ్రత తగ్గితే నరంలో సంకేతం నిజంగానే నెమ్మదిస్తుంది, ఒక్కో డిగ్రీకి సెకనుకు సుమారు 2 మీటర్ల చొప్పున. ముంజేతిలో మామూలు వేగం సెకనుకు 50 మీటర్లు, ఆ పైన. అందుకే చెయ్యి 32 డిగ్రీలకు తగ్గకుండా చూసుకుని కొలవాలంటారు. బీడీ పనిలో దీనికి తోడు ఇంకోటుంది. తునికాకును తడిపి, తడిగుడ్డలో చుట్టి పెడతారు. పనిలో ఉన్నంతసేపూ వేలికొసలు చల్లగా, నానిపోయి ఉంటాయి.

కరోనా అప్పుడు కొన్న నుదుటి థర్మామీటర్‌తో చేతులు చూస్తే అందరికీ 36 చూపించింది. చన్నీళ్లలో చెయ్యి పెట్టించి చూసినా 35. నుదురు చూసి ఒంటి వేడిని లెక్కగట్టి చెప్పేలా దాన్ని తయారు చేశారు. పక్కనున్న బటన్ నొక్కి, వస్తువుల వేడి చూసే పద్ధతికి మారిస్తేనే అసలు అంకె వచ్చింది: 26.

మార్చినవి:

1. పనికి ముందు, లేదా పని ఆపిన అరగంటకు మాత్రమే కొలవాలి.
2. చేతులు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి, తుడిచి, 32 దాటిందో లేదో చూడాలి.
3. మధ్యలో మళ్లీ ఒకసారి చూడాలి. తగ్గితే ఆపాలి.

పారేసిన కొలతలు: తొమ్మిది మందివీ. ఖర్చు లేదు, మొత్తం రూ. 775.

దశ 3: అన్నం తినే చెయ్యి (జనవరి)

వాటం తెలుసుకోవడానికి 1971లో ఓల్డ్‌ఫీల్డ్ ప్రచురించిన ఎడిన్‌బరో జాబితా వాడాను. రాయడం, బొమ్మ గీయడం, విసరడం, కత్తెర, చెంచా లాంటి పది పనులు ఏ చేత్తో చేస్తారని అడుగుతుంది. కుడి లెక్కలోంచి ఎడమ లెక్క తీసేసి, రెండూ కలిపిన మొత్తంతో భాగించి, 100తో గుణిస్తే వాటం అంకె. పూర్తిగా కుడి అయితే +100, పూర్తిగా ఎడమ అయితే −100.

చెంచా బదులు అన్నం తినడం అని మార్చుకుని, బడికి పోనివాళ్లకు రాయడం, బొమ్మ గీయడం బదులు డబ్బులివ్వడం, బొట్టు పెట్టడం అని అడిగాను. పన్నెండు మందీ +100. అమ్మ కూడా. ప్రపంచంలో పదిమందిలో సుమారు ఒకరు ఎడమచేతి వాటం అయినప్పుడు, పన్నెండు మందిలో ఒక్కరూ లేకపోవడం జరగవచ్చు. కానీ అందరూ నిండుగా +100 రావడం నాకు నమ్మకం కుదరలేదు.

భోగి రోజు తెల్లవారుజామున వాకిట్లో అమ్మ ముగ్గేస్తోంది. గిన్నె కుడిచేతిలో ఉంది. ఎడమచేతి చూపుడువేలికి, బొటనవేలికి మధ్య నుంచి పిండి సన్నని ధారగా జారుతోంది. మెలికలు తిప్పే చోట మణికట్టు కదలడం లేదు, రెండు వేళ్లే కదులుతున్నాయి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న చెయ్యి అది. అడిగితే చెప్పింది:

"సిన్నప్పుడు పుర్రచేత్తోని అన్నం తింటే మా నాయిన చేతి మీద కొట్టేటోడు. ముగ్గేస్తే ఎవ్వలు కొడ్తరు బిడ్డా?"

నేనడిగిన ప్రశ్నల్లో చాలావరకు పెద్దవాళ్లు నేర్పిన మర్యాదలే. తినడం, ఇవ్వడం, బొట్టు పెట్టడం మన దగ్గర కుడిచేత్తోనే చేయాలి. వాటికి వాటంతో పనిలేదు. జాబితా మొత్తం మార్చేశాను. నోటితో అడగడం మానేసి, వస్తువులు ముందు పెట్టి చేయించాను: ముగ్గు వేయడం, రాయి విసరడం, అగ్గిపుల్ల గీయడం, సూదిలో దారం ఎక్కించడం, చీపురుతో ఊడ్వడం, డబ్బా మూత తీయడం, కత్తెర, కొడవలి.

అమ్మకు ఆరు ఎడమ, రెండు కుడి. వాటం అంకె +100 నుంచి −50కి వచ్చింది. కుడిచేత్తో చేసిన ఆ రెండు కత్తెర, కొడవలి. మన బజార్లో దొరికే కత్తెర, పళ్ల కొడవలి రెండూ కుడిచేతి కోసం చేసినవే.

ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు: పాత జాబితాలో 0, కొత్త జాబితాలో 2. మొత్తం మనుషులు: 12.

దశ 4: కాయలు కాసిన వేళ్లు (ఫిబ్రవరి, మార్చి)

వెచ్చటి చేతులతో, కొత్త జాబితాతో మళ్లీ మొదలుపెట్టాను. ఇద్దరికి షుగర్ ఉంది. షుగర్ రెండు చేతుల నరాలనూ దెబ్బతీయగలదు, కాబట్టి వాళ్ల కొలతలు విడిగా పెట్టాను. మిగిలింది పది మంది.

పదిమందికీ పనిచేసే చేతి చూపుడువేలు, బొటనవేలి కొసల్లో స్పర్శ తక్కువ. మొదట ఇదే జవాబనుకున్నాను. కానీ వేలి కొస తడిమితే అక్కడ తోలు మేకులా గట్టిపడి ఉంది. తోలు మందంగా ఉంటే నరం బాగున్నా సన్న పోగు తెలియదు. ఏది తోలు, ఏది నరం అని విడదీయడానికి నెల పట్టింది. ఈ ప్రాజెక్టులో నాకు ఎక్కువ ఉపయోగపడింది ఈ దశే, అందుకే వివరంగా రాస్తున్నాను.

మణికట్టు దగ్గర ఎముకల మధ్య సన్నని సొరంగం లాంటి దారి ఉంది. అందులోంచి తొమ్మిది స్నాయువులు (వేళ్లను వంచే తాళ్ల లాంటివి), వాటితో పాటు మీడియన్ నరం చేతిలోకి వస్తాయి. మణికట్టు వంచి గట్టిగా పట్టే పని ఎక్కువైతే లోపల ఒత్తిడి పెరిగి నరం నలుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరం వేలిలో సగం ఈ నరానివి. చిటికెన వేలు, ఉంగరం వేలిలో మిగతా సగం అల్నార్ నరానివి. అది ఈ సొరంగంలోంచి రాదు.

అంటే ఎక్కువమందిలో ఒకే ఉంగరం వేలికి రెండు వైపులా రెండు వేర్వేరు నరాలు. ఒకే వేలు కాబట్టి వేడి ఒకటే. బీడీ చుట్టేటప్పుడు ఈ వేలి పక్కల మీద రాపిడి తక్కువ కాబట్టి తోలు కూడా రెండు వైపులా ఒకేలా ఉంటుంది. రెండు వైపులా తేడా వస్తే దాన్ని చలి మీదికో, తోలు మీదికో నెట్టలేం.

చేసే పద్ధతి:

1. కళ్లు మూసుకోమని, చెయ్యి మెత్తటి గుడ్డ మీద వెల్లకిలా పెట్టించాలి.
2. ఉంగరం వేలి పై కణుపు దగ్గర బొటనవేలి వైపు, చిటికెన వేలి వైపు రెండు చుక్కలు పెన్నుతో పెట్టాలి.
3. సన్న పోగుతో మొదలుపెట్టి, నిలువుగా ఆనించి, వంగాక ఒకటిన్నర సెకను ఉంచి తీయాలి.
4. ఒక్కో చుక్కకు ఐదు సార్లు. మధ్యలో ఆనించకుండానే "తెలిసిందా?" అని మూడు సార్లు అడగాలి.
5. ఏ వైపు ఎప్పుడు అన్నది ముందే చీటీలు తీసి రాసుకోవాలి. నేను మొదట్లో అటొకసారి ఇటొకసారి ఆనిస్తుంటే, ఆ వరస పట్టేసి పెద్దమ్మ ఒకామె పోగు తగలకముందే "ఆఁ" అనేది.

పదిమందిలో నలుగురికి ఉంగరం వేలు రెండుగా చీలింది. బొటనవేలి వైపు మొద్దుబారి, చిటికెన వేలి వైపు బాగుంది. అమ్మకు కుడిచేతి ఉంగరం వేలు బొటనవేలి వైపు 2 గ్రాములు, చిటికెన వేలి వైపు 0.4. ఎడమచేతికి రెండు వైపులా 0.4.

అమ్మ వాటం ఎడమ. నలిగిన నరం కుడిచేతిది.

పాత జాబితాలో అమ్మ "+100, కుడి" అని ఉన్నప్పుడు ఇదే ఫలితం వచ్చి ఉంటే, వాటం చెయ్యే ముందు దెబ్బతిందని రాసేసి ముందుకు పోయేవాణ్ణి.

దశ 5: కత్తెర లెక్క (ఏప్రిల్)

చిటికె పట్టు బలం కొలవడానికి 20 కిలోల లోడ్ సెల్ (నొక్కుడు బరువును పసిగట్టే ముక్క), దాని బోర్డు, ఆర్డునో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో ఒక పరికరం చేశాను. కుడిచేతి వాటం వాళ్లలో కుడి పట్టు సుమారు పదో వంతు ఎక్కువ ఉండడం, ఎడమచేతి వాటం వాళ్లలో రెండు చేతులూ దాదాపు సమానంగా ఉండడం తెలిసిన సంగతే. నాకూ అలాగే వచ్చింది. నా ప్రశ్నకు మాత్రం ఇది పనికి రాలేదు. మీరు చేస్తే ఈ 800 రూపాయలు మిగిల్చుకోండి.

పనికొచ్చింది ఫోన్ వీడియో. అమ్మ ఆకు కత్తిరిస్తుంటే పది నిమిషాలు తీసి, నెమ్మదిగా నడిపి లెక్కపెట్టాను. ఆకు మీద కొలత రేకు పెట్టి చుట్టూ కోస్తుంది. పది నిమిషాల్లో 58 ముక్కలు, ముక్కకు నాలుగు కోతలు. రోజుకు 700 బీడీలంటే 2,800 సార్లు కుడిచేతి కత్తెర మూసుకోవాలి, అదీ మణికట్టు కిందికి వంచి. చుట్టేటప్పుడు రెండు చేతులూ పని చేస్తాయి, దారం ఎడమచేత్తో కడుతుంది. కత్తెర ఒక్కటే పూర్తిగా ఒక చేతి మీద పడుతుంది.

కుడిచేతి కత్తెరను ఎడమచేత్తో పడితే బొటనవేలి నొక్కుడుకు రెండు అలుగులూ విడిపోతాయి, కోసే గీత కూడా అలుగు కింద దాక్కుంటుంది. కొలత తేడా వస్తే కార్ఖానాలో బీడీలు పక్కన పడేస్తారు. అందుకే అమ్మ పన్నెండేళ్ల వయసులోనే కత్తెర కుడిచేతికి మార్చుకుంది.

నా పట్టికలో "వాటం" గడి పక్కన "కత్తెర ఏ చెయ్యి" అని ఇంకో గడి చేర్చాను. వేలు చీలిన నలుగురికీ అది కత్తెర పట్టే చేతిలోనే ఉంది. అందులో ముగ్గురికి వాటం చెయ్యి, కత్తెర చెయ్యి ఒకటే. విడిపోయింది అమ్మకొక్కదానికే. రెండో పుర్రచేతి ఆమె ఆకు కత్తిరించదు, కోడలు కత్తిరిస్తే తను చుడుతుంది. ఆమె రెండు చేతులూ బాగున్నాయి. పన్నెండు మందితో సూత్రం కట్టలేం. కానీ వాటం అడిగి ఆగిపోకూడదని మాత్రం ఈ ఇద్దరి చేతులు నాకు చూపించాయి.

ఖర్చు: 800. మొత్తం రూ. 1,575.

దశ 6: నరాల పరీక్ష (మే)

అమ్మ కుడిచేతి బొటనవేలి కింద కండ కొంచెం పలచబడినట్టు కనిపించింది. అది కనిపిస్తే ఇంటి కొలతలతో ఆగకూడదు. పరీక్షకు తీసుకెళ్లాను.

ఏసీ గదిలో గంటన్నర కూర్చోబెట్టి, చెయ్యి పట్టి చూడకుండానే పరీక్ష చేశారు. మణికట్టు నుంచి బొటనవేలి కండకు సంకేతం చేరే సమయం కుడి 5.9, ఎడమ 4.7 మిల్లీసెకన్లు. మామూలుగా ఇది 4.4 లోపు ఉండాలి. రెండు చేతుల నరాలూ నలిగాయని రాసిచ్చారు. నా థర్మామీటర్ పెడితే అమ్మ చేతులు 28 డిగ్రీలు. ఒక్కో డిగ్రీ తగ్గితే ఈ సమయం సుమారు 0.2 మిల్లీసెకన్లు పెరుగుతుంది. 32కు నాలుగు డిగ్రీలు తక్కువ, అంటే 0.8 చలి వల్లే.

డాక్టరమ్మకు అంకెలు చూపించి, వేడి చేసి మళ్లీ చేయమని బతిమాలాను. ఆమె విన్నది. వెచ్చటి నీళ్ల తర్వాత కుడి 5.1, ఎడమ 3.9. ఉంగరం వేలిలో రెండు నరాల సంకేతాల సమయంలో తేడా కుడిచేతికి 0.9, ఎడమకు 0.3 మిల్లీసెకన్లు. ఈ తేడా 0.5 దాటితే మీడియన్ నరం నలిగినట్టే. పోగుతో ఇంట్లో చూసిందే ఇక్కడా వచ్చింది.

రాత్రి మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోమన్నారు. థైరాయిడ్, షుగర్ పరీక్షలు రాశారు, రెండూ బాగున్నాయి. ఈ ఖర్చు నా మొత్తంలో కలపలేదు.

దశ 7: వాన, ఎడమ కత్తెర (జూన్, జూలై)

జూలైలో 2 గ్రాముల పోగు కాంటా మీద 1.6 చూపించింది. నైలాన్ గాలిలోని తేమ పీల్చి మెత్తబడుతుంది. స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పోగులు అందులో పెట్టాను, మర్నాటికి 1.95కి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి కొలతకూ ముందు కాంటా మీద చూసుకుంటున్నాను. వాన రోజు తీసిన మూడు కొలతలు కొట్టేశాను.

ఎడమచేతి వాళ్ల కోసం చేసే టైలరింగ్ కత్తెర ఆన్‌లైన్‌లో తెప్పించాను. మొదటి రోజు పది నిమిషాలకు 31 ముక్కలు. "నా ఎడమచెయ్యి గీ పని మర్శిపోయింది" అని అమ్మ మూడో రోజుకు పాత కత్తెరే పట్టింది. 700 పూర్తి కాకపోతే రాత్రి పదకొండింటి దాకా కూర్చోవాలి. బలవంతం చేయలేదు. తర్వాత ఆమే ఒక పద్ధతి పెట్టుకుంది: పొద్దున మొదటి వంద ముక్కలు ఎడమచేత్తో, మిగతావి కుడితో. మూడు వారాలకు ఎడమ లెక్క 44కు వచ్చింది. ఇప్పుడు మొదటి మూడు వందలు ఎడమచేత్తోనే కోస్తోంది, అంటే కుడిచేతికి రోజుకు 1,200 కోతలు తగ్గాయి.

రాత్రి లేచి చెయ్యి విదిలించుకోవడం వారానికి ఆరు సార్ల నుంచి రెండుకు తగ్గింది. అందులో పట్టీ వల్ల ఎంత, కత్తెర వల్ల ఎంత అన్నది విడదీయలేను, రెండూ దగ్గర దగ్గరగా మొదలుపెట్టాం. ఉంగరం వేలు కుడి, బొటనవేలి వైపు ఇంకా 2 గ్రాములే. ఎడమచేతి మీద పని పెరిగింది కాబట్టి దాన్ని పదిహేను రోజులకోసారి చూస్తున్నాను: రెండు వైపులా 0.4, మారలేదు. అది చీలడం మొదలైతే ఎడమ కత్తెర ఆపేస్తాం.

ఖర్చు: కత్తెర 690, సిలికా జెల్ 60. మొత్తం రూ. 2,325.
కొలిచినవాళ్లు 12, చేతులు 24, లెక్కలోకి తీసుకున్నవి 20. తర్వాతి కొలత బతుకమ్మకు ఇంటికి పోయినప్పుడు.